పొరుగుగడ్డపై పడకవేసినచో

దీపావళి గడచి వానకారు పంట ఇల్లు చేరిన పిమ్మట నారాయణపేట, కోస్గి, మక్తల్ ఊళ్ళ బస్సు నిలయములలో ఏటేటా ఒకే దృశ్యము కానవచ్చును. తట్ట, పార, గడ్డపార, వంటగిన్నెల మూట, జొన్నపిండి సంచి, చంకలో బిడ్డ, ఇంతే సామగ్రి. ముసలివారు కిటికీల క్రింద నిలిచి కడసారి మాటలు చెప్పుచుందురు. బస్సు పుణెకో ముంబయికో పోవునది. పాలమూరు సీమలో దీనిని ‘బతుకబోవుట’ అందురు. పోవువాని మూటలో ఏమేమి ఉండునో మేము పలుమారులు చూచితిమి. రోగము వచ్చిననాడు అక్కరకు వచ్చు కాగితము మాత్రము అందులో అరుదు.

ఊరుగాని ఊరిలో కూలివాడు పడకవేసినచో వానికి వైద్యము చేయవలసినవారు ఎవరు? ఖర్చు ఎవరిది? అది దయయా, హక్కా? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఇంతమాత్రమే. ఇది నేటి ప్రశ్నవలె తోచును గాని దీని వయస్సు రెండు వందల ఏండ్లకు తక్కువ కాదు.

మహబూబునగరము అను పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట 1890లో వచ్చినది. ప్రజల నోట మాత్రము ఆ సీమ నేటికిని పాలమూరే. తంగడి వద్ద కృష్ణానది తెలంగాణములో అడుగుపెట్టుట ఈ సీమలోనే. అయినను నది పల్లమున, చేలు మెరకన. ఏటి వర్షపాతము 600 మిల్లీమీటర్లకు అటునిటు. తూర్పున నల్లగొండ జిల్లాలోని దేవరకొండ ప్రాంతపు మెట్టభూముల కథయు ఇట్టిదే. 2016లో ఈ రెండు జిల్లాలను ముక్కలు చేసిరి. నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అను కొత్త జిల్లాలు ఏర్పడినవి. 2019లో నారాయణపేట వేరుపడినది. జిల్లాల పేర్లు మారినను బస్సులు పోవు దిక్కు మారలేదు.

ఆ దిక్కున మొదట పోయినవారి గుర్తు బొంబాయి నగరము నడుమనే కలదు. కామాఠీపుర అను పేట పేరు వినని వారుండరు. ఆ పేరునకు తరువాత వచ్చిన అపకీర్తిని ఒక ప్రక్కన పెట్టి చూచినచో, అది నిజాము రాజ్యమునుండి పోయి ఆ నగరపు మేడలను కట్టిన తెలుగు కూలీల పేరు. వారిని అచ్చట కామాఠీలనిరి. వారి వెనుక పద్మశాలీలు బొంబాయి మిల్లులకును, షోలాపురమునకును, భివండికిని పోయిరి.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. నాడు పాలమూరువాడు బొంబాయిలో పరదేశి. ఇది అలంకారమునకు చెప్పిన మాట కాదు, చట్టమునుబట్టి చెప్పిన మాట. వాడు నిజాము ప్రజ. బొంబాయి ఆంగ్లేయుల ఏలుబడిలోనిది. ఆ నగరమున 1845లో సర్ జంషెట్జీ జీజీభాయ్ దానముతో తెరచిన ఆసుపత్రి పేదలకు చికిత్స చేసినది. అది పుణ్యకార్యము, సందేహము లేదు. కాని దాతృత్వముతో తెరచిన తలుపును తట్టువానికి అడుగు అధికారము ఉండదు. వేడుకొను వీలు మాత్రమే ఉండును.

1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపెను. మరుసటి ఏడు అంటువ్యాధుల చట్టము వచ్చెను. నగరము విడిచి లక్షలమంది పారిపోయిరి. రైలు స్టేషనులలో ప్రయాణికులను దింపి, చంకలును గజ్జలును తడిమి చూచి, అనుమానము తోచినవారిని శిబిరములకు పంపిరి. రోగియైన వలసకూలీని నాటి ప్రభుత్వము రోగిగా కాక రోగమును మోయువానిగా చూచెను. ఆ 1897 చట్టమునే 2020లో కరోనా కాలమున మరల బయటికి తీసిరి. ఆ ఏడు మార్చి నెలలో బండ్లు నిలిచిపోగా రహదారుల వెంట నడచి ఇల్లు చేరినవారిని మనమందరము చూచియున్నాము.

సముద్రము దాటినవారి సంగతి కొంత వేరు. మదరాసు రేవునుండి ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న తెలుగు, తమిళ కూలీలతో డర్బను చేరినది. వీరు పాలమూరువారు కారు, మదరాసు రాజధానిలోని జిల్లాలవారు. అయినను వారి ఒప్పందము మన విషయమునకు చాల దగ్గరిది. కూలి, తిండి, వసతులతో పాటు వైద్యముకూడ యజమాని భారమని అందులో కలదు. కాగితముపై అది హక్కు. ఆచరణలో ఎట్లుండెనో 1871లో తిరిగివచ్చినవారు చెప్పిరి. వారి ఫిర్యాదులపై 1872లో నేటాలులో ఒక విచారణ సంఘము కూర్చుండెను. వలసవచ్చినవారికి సంరక్షకుడని ఒక అధికారిని నియమించిరి. మారిషసులోనైతే పనికి రాని ఒక దినమునకు రెండు దినముల కూలి కోయు పద్ధతి 20వ శతాబ్ది తొలి సంవత్సరములదాక సాగెను. కూలీకి జ్వరము నిజముగ వచ్చినదా, సాకు చెప్పుచున్నాడా అని తేల్చుటలో తోటదొర మాటకే బరువెక్కువ. వైద్యము ఇయ్యవలసినవాడే కూలి కోయువాడైనప్పుడు హక్కు ఏమగునో ఊహింపవచ్చును.

మరల మన గడ్డకు వత్తము. 1955 డిసెంబరు 10న నల్లగొండ జిల్లా నందికొండవద్ద నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. యంత్రములకన్న మనుష్యుల చేతులను నమ్మి రాతితో కట్టిన ఆనకట్ట అది. పాలమూరు గుంపులకు దేశమంతట పేరు వచ్చుటకు ఇట్టి కట్టడములే కారణము. మట్టిపనిలో, రాతిపనిలో వారిని మించినవారు లేరని కంట్రాక్టర్లు వెదకి వెదకి పిలుచుకొనిపోయిరి. ‘పాలమూరు లేబరు’ అనునది ఒక జాతిపేరువలె అయినది. తరువాత శ్రీశైలము కట్టిరి. ఆ జలాశయములో 1981లో కొల్లాపురము, అలంపురము ప్రాంతముల ఊళ్ళును, ఆవలి ఒడ్డున కర్నూలు జిల్లా ఊళ్ళును మునిగిపోయినవి. ఊరు మునిగినవారిలో ఎందరో మరియొకచోట మరియొక కట్టపై మట్టి మోయుటకు పోయిరి.

గుంపు అనగా ఏమో పట్టణపు శ్రోతలకు చెప్పవలెను. కంట్రాక్టరు తాను పల్లెకు రాడు. గుంపు మేస్త్రి వచ్చును. వాడు ఆ ఊరివాడే. ‘మామా’, ‘బావా’ అని పలుకరింపదగినవాడే. పెండ్లికో బోరుబావికో చేసిన అప్పు తీరుటకు ముందుగ కొంత పైకము, అనగా పేష్గీ, ఇచ్చును. ఆలుమగలు ఇరువురును కొన్ని నెలలు పనిచేసి దానిని తీర్చవలెను. లెక్క చివర చూతురు. నడుమ జ్వరమువచ్చి పదిదినములు పడకవేసినచో ఆ దినముల కూలి ఉండదు, తిండిఖర్చు ఉండును, సూదిమందు ఖర్చు ఉండును. అవి అన్నియు పేష్గీ పద్దులో చేరును. నాలుగు నెలలలో తీరవలసిన అప్పు ఆరు నెలలకు సాగును. రోగము ఈ పద్ధతిలో శరీరబాధ మాత్రమే కాదు, వడ్డీలేని కొత్త అప్పు. మేము మాట్లాడిన గుంపులలో జ్వరముతోనే పనికిపోయితిమని చెప్పనివారు తక్కువ.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత చట్టములు వచ్చినవి. 1948 నాటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టము ఉత్తమమైనది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను ఢిల్లీలోను దానిని ఆరంభించిరి. చందా కట్టిన కార్మికుడు ఈ.ఎస్.ఐ. దవాఖానాలో అడిగి మందు తీసికొనవచ్చును. ఒక ఊరు విడిచి మరియొక ఊరికి పోయినను బీమా వెంటవచ్చును. బొంబాయి పెద్దమిల్లులలోని మన నేతపనివారికి ఇది నిజముగ మేలు చేసినది. అయితే యంత్రశక్తితో నడచు కర్మాగారమున 20 మంది ఉన్నగాని చట్టము వర్తింపకుండెను. 1989 సవరణతో ఆ సంఖ్యను 10 చేసిరి. భివండిలో నాలుగు మరమగ్గముల కొట్టము ఆ లెక్కకు అందునా? ఆకాశము క్రింద మట్టి మోయు గుంపు అందునా?

ఆ గుంపుకొరకే వచ్చినది 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము. ఒడిశాలో ‘దాదన్’ కూలీల దురవస్థ చూచి దానిని తలపెట్టిరి. 1980 అక్టోబరు 2 నుండి అమలులోనికి వచ్చెను. దీనిని మేము మొదటినుండి తుదివరకు చదివితిమి. చదువునప్పుడు పాలమూరు బస్సు నిలయములో కూర్చుండి వ్రాసినట్లు తోచినది. ఐదుగురు వలసకూలీలున్న చాలును, చట్టము వర్తించును. కంట్రాక్టరు కూలీల సొంత రాష్ట్రమునను, పని జరుగు రాష్ట్రమునను లైసెన్సు పొందవలెను. కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్కు ఇయ్యవలెను. నెలజీతములో సగముగాని 75 రూపాయలుగాని, ఏది ఎక్కువైన అది, స్థానభ్రంశ భత్యముగ ఇయ్యవలెను, దారిఖర్చు వేరు. వైద్య సదుపాయము ఉచితము. దానిక్రింద కేంద్రప్రభుత్వము చేసిన నియమములు ఇంకను ముందుకు పోయినవి. కూలీకేగాక వెంట ఉన్న కుటుంబమునకును మందులు, దవాఖానాలో చేర్చవలసివచ్చినచో చికిత్స, పథ్యము, రాకపోకల ఖర్చులతో సహా కంట్రాక్టరు భరింపవలెను. వాడు చేయనిచో అసలు యజమాని చేయవలెను. ప్రాణము పోయినను, పెద్ద దెబ్బ తగిలినను, రెండు రాష్ట్రముల అధికారులకును, ఇంటివారికిని తెలుపవలెను.

ఇంటివారికి తెలుపవలెనను ఆ చిన్న వాక్యమువద్ద మేము కొంతసేపు ఆగితిమి. దానిని వ్రాసినవారు ఎవరో గాని పల్లెలో ఎదురుచూచు ముసలితల్లిని మనస్సున ఉంచుకొని వ్రాసిరి.

మరి ఏమైనది? చట్టము అమలులోనికి వచ్చిన రెండేండ్లకే, 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడల కట్టడములపై పనిచేయు కూలీల వ్యాజ్యముపై సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. రాజధానిలోనే 1982 జూను వరకు నియమములు చేయనందున చట్టము నడువలేదని తేలినది. న్యాయమూర్తి భగవతిగారి తీర్పు ఈ విషయమును తేటతెల్లము చేసినది. రాజధాని గతియే అది అయినప్పుడు మారుమూల కొండదారిలో కాలువ త్రవ్వుచోట ఎట్లుండును?

అసలు చిక్కు చట్టములోని ఒక్క మాటలో కలదు. ఒక రాష్ట్రములో కంట్రాక్టరుద్వారా ఒప్పందముపై కుదిరి మరియొక రాష్ట్రమునకు పోయినవాడే ఆ చట్టమునుబట్టి వలసకూలీ. మేస్త్రి బావవరుస వాడై మాటమీద పైకము ఇచ్చి తీసికొనిపోయినప్పుడు ఒప్పందమెక్కడిది? లైసెన్సు ఎక్కడిది? అధికారి అడిగినచో, ‘వీరు తమంత తాము వచ్చిరి’ అని చెప్పుదురు. బస్సు టికెట్టుకూడ కూలీయే కొనెను గదా! 2020లో ఈ చట్టమును మరికొన్నిటితో కలిపి వృత్తిభద్రతా సంహితగ చేసిరి. 2025 నవంబరు 21 నుండి అది అమలులోనికి వచ్చినది. తమంత తాము పోయి పని సంపాదించినవారినికూడ అందులో వలసకూలీలుగ లెక్కించిరి. ఇది మంచి మార్పు. కాని ఐదుగురుండవలెనన్నచోట పదిమంది అనిరి. స్థానభ్రంశ భత్యము మాయమైనది. ఒక చేత ఇచ్చి మరియొక చేత తీసికొనిరని మా అభిప్రాయము.

ఇక సొంత రాష్ట్రమిచ్చు హక్కు. 2007 ఏప్రిల్ 1న నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరోగ్యశ్రీని మొట్టమొదట మూడు జిల్లాలలో ఆరంభించినది: అనంతపురము, శ్రీకాకుళము, మహబూబునగరము. ఈ మూడును వలసల జిల్లాలే. అదే ఏడు డిసెంబరులో నల్లగొండ చేరినది. తెల్ల రేషనుకార్డు చూపినచో గుండె, మూత్రపిండము, క్యాన్సరు చికిత్సలు పెద్ద ఆసుపత్రులలో ఉచితము. పేదవాడు ఆ తలుపులలోనికి పోవుటయే ఒక చరిత్ర. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణములో దాని పరిమితి 10 లక్షల రూపాయలు. కాని పాలమూరు కూలివాడు బస్సెక్కి హద్దు దాటిన క్షణమున ఆ కార్డు మూటలో నిద్రపోవును.

కొంతకాలము క్రిందట మా రికార్డింగు పనిమీద ఆ సీమకు పోయినప్పుడు ఒక పెద్దమనిషి కలిసెను. ఏబది దాటిన వయస్సు, ఎడమకాలు వంకర. పేరు చెప్పుట అనవసరము. పడమటి నగరమొకదానిలో మూడవ అంతస్తు సారువమీదనుండి పడినాడు. ‘అన్నా, అక్కడ దవాఖానాకు పోలేదా?’ అని అడిగితిమి.

‘పోయినం సారూ. కార్డు సూపెడితే గీడ నడువదన్నరు. మీ రాష్ట్రం పోర్రి అన్నరు. మేస్త్రి పట్టీ కట్టిచ్చి బస్సెక్కిచ్చిండు. పొద్దుమూకింది, తెల్లారింది, కాలు బుంగయ్యింది.’

పన్నెండుగంటలకు మించిన ప్రయాణము. హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగినది, ఉచితముగనే జరిగినది. కాని ఆలస్యమైనందున ఎముక సరిగ అతుకలేదు. వాని హక్కు వానికి దక్కినది. ఏడు వందల కిలోమీటర్ల దూరమున దక్కినది.

ఆంగ్లదేశ చరిత్ర తెలిసినవారికి ఇది వింత కాదు. 1662 నాటి వారి చట్టములో పేదవానికి సాయము సొంత పారిషులోనే. పొరుగు పారిషులో రోగియైనచో బండిలో వేసి పుట్టినచోటికి తోలెడివారు. ఆ దేశీయులే తరువాత మరియొక త్రోవ చూచిరి. నేడు ఫ్రాన్సులో స్థిరపడిన ఆంగ్లేయ వృద్ధులు అసంఖ్యాకులు. అట్టివాడు తన దేశమునుండి ‘ఎస్ 1’ అను ఒక పత్రము తెచ్చుకొని ఫ్రెంచి బీమా కార్యాలయమున చూపును. పచ్చని ‘కార్త్ వితాల్’ చేతికి వచ్చును. ఫ్రెంచివారితో సమానముగ వైద్యము జరుగును. ఖర్చు లెక్క కాలువ దాటి లండనుకు పోవును. వలసకూలీల సామాజిక భద్రతకై ఐరోపాలోని ఆరు దేశములు 1958లో చేసికొన్న నిబంధన దీనికి మూలము. గమనింపుడు, మొదట అది బొగ్గుగనుల, కర్మాగారముల కూలీలకొరకు చేసినది.  1973లో బ్రిటను ఆ కూటమిలో చేరినది; 2020లో విడిచిపోయినది. విడాకులైనను, 2020 డిసెంబరు 31కి ముందే అచ్చట స్థిరపడినవారి వైద్యహక్కును ఒడంబడికలో కాపాడిరి. రోగి కదలనక్కరలేదు, కాగితము కదలిన చాలును. అందులోని కిటుకు ఇదియే. రెండు సర్వస్వతంత్ర దేశములు చేసినది ఒక్క దేశములోని రెండు రాష్ట్రములు చేయుట కష్టమా?

కష్టము కాదని 2018 సెప్టెంబరు 23న ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ చూపినది. ఆ కార్డు, పథకములో చేరిన రాష్ట్రములలో ఎక్కడనైనను చెల్లును. ఏటికి కుటుంబమునకు 5 లక్షల వరకు. ఖర్చు రోగి సొంత రాష్ట్రమునకు పోవును. తెలంగాణము 2021లో అందులో చేరినది. అయితే అర్హుల పట్టీకి ఆధారము 2011 నాటి కుటుంబగణన. ఆరోగ్యశ్రీ పట్టీ దానికన్న చాల పెద్దది. కనుక హైదరాబాదులో హక్కుగల కుటుంబము లన్నింటికిని పుణెలో హక్కు లేదు. పైగా ఈ కార్డులన్నియు ఆసుపత్రిలో చేరినవారికే. వలసకూలీని ఎక్కువగ బాధించునవి జ్వరము, విరేచనములు, దగ్గు, బిడ్డ టీకాలు. వానికి కావలసినది గుడిసెకు దగ్గరగ ఉన్న చిన్న దవాఖానా, అచ్చట తన భాష అర్థము చేసికొను ఒక మనిషి.

మరియొక విచిత్రము చెప్పవలెను. అదే ఊరినుండి ఒక అన్న దుబాయికి, ఒక తమ్ముడు పుణెకు పోయిరనుకొందము. అన్న ప్రయాణమునకు ముందే ప్రవాసి భారతీయ బీమా తీసికొనవలెను. తక్కువ చదువుగల కూలీలకు 2003 నుండి అది తప్పనిసరి. దుబాయిలో 2013 నాటి చట్టముతో యజమాని ఆరోగ్యబీమా ఇచ్చితీరవలెను. ఆ బీమాలలో లోపములు లేకపోలేదు. అయినను పరదేశమునకు పోయిన అన్న చేతిలో రెండు కాగితములు, స్వదేశములోనే ఉన్న తమ్ముని చేతిలో ఒక్కటియు లేదు.

ప్రాణాపాయ సమయమున మాత్రము ఏ కార్డును అడుగరాదు. 1996 మే నెలలో సుప్రీముకోర్టు ఈ మాట చెప్పినది. రైలునుండి పడిన ఒక వ్యవసాయకూలీని కలకత్తాలో ఒక ప్రభుత్వ దవాఖానా తరువాత మరియొకటి పడక లేదని త్రిప్పిపంపగా వచ్చిన వ్యాజ్యమది. అత్యవసర చికిత్స జీవించు హక్కులో భాగమని, డబ్బు లేదనుట ప్రభుత్వమునకు సాకు కాదని కోర్టు తీర్పుచెప్పి పరిహారము ఇప్పించినది. మన పాలమూరు పెద్దమనిషి సారువమీదనుండి పడునాటికి ఈ తీర్పు వెలువడి చాల ఏండ్లైనది. అతడు దానిని వినలేదు. త్రిప్పిపంపినవారును విన్నట్లు లేదు.

ఈ సంగతి మేము వానికి చెప్పితిమి. ఆయుష్మాన్ పట్టీలో పేరున్నదో లేదో చూపించుకొమ్మని, మీసేవా కేంద్రమునకు పొమ్మనియు చెప్పితిమి. అతడు లోనికిపోయి గోడగూటినుండి ఒక ప్లాస్టిక్కు సంచి తెచ్చెను. అందులో రేషనుకార్డు, ఆధారుకార్డు, శస్త్రచికిత్సనాటి చీటీలు.

‘మావోడు పోయిండు సారూ, మొన్ననే. గియ్యి ఈడనే ఇడిసిపెట్టిండు. ఆడ పోగొట్టుకుంటనేమో అన్నడు,’ అని వాటిని మరల మడచి గూటిలో పెట్టెను.